ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం – ఏడవ పాఠం: తరిమే చేపను ఏం చేయాలి?

కొత్త చేపను తొట్టిలో వదిలే పద్ధతిని గత పాఠంలో చెప్పుకున్నాక బ్రహ్మపురం, ఛత్రపురం, పర్లాకిమిడి పాఠకులు రాసిన ఉత్తరాలన్నిటిలో దాదాపు ఒకే ఫిర్యాదు ఉంది: మేత వేసి, దీపాలు ఆర్పి, చెప్పినట్టే వదిలినా తెల్లవారేసరికి కొత్త చేప రెక్కలు చిరిగి, పైమూలన పంపు పక్కన నక్కి ఉంటోంది. అందుచేత పగడాల పాఠాన్ని వాయిదా వేస్తున్నాను. నీటి సాంద్రత 1.025 దగ్గర ఉందనీ, కొత్త చేపకు జబ్బు లేదని ముందే చూసుకున్నారనీ అనుకుని ముందుకు సాగుతాను.

ఈ ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన దోషి డామ్సెల్ అనే చిన్న ఉప్పునీటి చేప. ధర తక్కువ, ఓ పట్టాన చావదు అని దుకాణదారు మొదట దానినే అంటగడతాడు. నల్లటి ఒంటిపై మూడు తెల్లచుక్కలున్న డామినో అనే డామ్సెల్ రకం రెండు సెంటీమీటర్ల పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగానే ఉంటుంది; పది సెంటీమీటర్లు దాటాక మూడడుగుల తొట్టి మొత్తం తనదే అంటుంది. నా మటుకు నేను డామ్సెల్‌ను పెంచను, పెంచమని ఎవరికీ చెప్పను. తప్పదనుకుంటే మిగిలిన చేపలన్నీ కుదురుకున్నాక, అన్నిటికంటే చివర వేయండి.

తరమడమంతా కొట్లాట కాదు. క్లౌన్ చేపలు మొదట మగవిగానే ఎదుగుతాయి, జతలో పెద్దది ఆడదవుతుంది. దాని ముందు చిన్నది పక్కకు ఒరిగి ఒళ్ళంతా వణికిస్తే అది లొంగుబాటు, వాటిని విడదీయనక్కరలేదు. పొలుసులు ఊడి తెల్లమరకలు పడటం, మేత వేసినా దాక్కున్న చోటు నుంచి కదలకపోవడం అసలైన ప్రమాదానికి గుర్తులు.

అటువంటప్పుడు చాలామంది చేసే పని ఒకటి నాకు బొత్తిగా మింగుడుపడదు. దెబ్బలు తిన్న చేపను తీసి బకెట్లో వేస్తారు, తేరుకున్నాక అదే తొట్టిలో వదులుతారు, మళ్ళీ దెబ్బలు తిన్నదని ఉత్తరం రాస్తారు. తీయవలసింది తరిమిన చేపను. దెబ్బ తిన్నదాన్ని తీసినంత మాత్రాన డామ్సెల్ తన రాయినీ, సందునూ వదులుకోదు. తిరిగి వచ్చిన చేప దానికి మళ్ళీ చొరబాటుదారే. డామ్సెల్‌నే ఒకటి రెండు వారాలు బయట ఉంచితే మిగిలినవి ఆ సందుల్లో కుదురుకుంటాయి, గుణుపూర్ ప్యాసింజరులో సీటు విడిచి దిగి మళ్ళీ ఎక్కినవాడిలా అది చోటు వెతుక్కోవలసి వస్తుంది. దాన్ని తిరిగి వదిలే రోజున రాళ్ళ అమరిక కూడా మార్చాలి. అమరిక మార్చకుండా వదలడం సగం పనే. దెబ్బ తిన్నది మేత ముట్టకపోతే దానినీ తీయండి, అయితే తరిమినదాన్ని తీసిన తరువాతే. వేరే తొట్టి లేనివారు తరిమినదాన్ని చిల్లుల ప్లాస్టిక్ డబ్బాలో ఉంచి అదే తొట్టిలో వేలాడదీయవచ్చు; గాలి పంపు లేని బకెట్లో, మన ఏప్రిల్ మధ్యాహ్నపు ఎండకు, అది ఎక్కువసేపు బతకదు.

పట్టుకోవడానికి వలతో వెంటపడితే రాళ్ళు కూలుతాయి. లీటరు నీళ్ళ సీసా మెడను కోసి, తలకిందులుగా లోపలికి దూర్చి, అడుగున రొయ్య ముక్క పెడితే ఆకలిగా ఉన్న చేప లోపలికి దూరుతుంది. నేను మాత్రం రాత్రి దీపాలు ఆరాక అది ఏ సందులో నిద్రపోతుందో చూసి, ఆ రాయిని చేపతో సహా బకెట్లోకి ఎత్తుతాను.

ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న రెండు టాంగ్ చేపలు పోట్లాడుకుంటే తొట్టి బయట అద్దం ఆనిస్తే పాతది తన నీడతో తలపడుతూ కొత్తదాన్ని కాస్త వదిలేస్తుంది. వాటి తోక మొదట కత్తివంటి ముల్లు ఉంటుంది, చేతులు జాగ్రత్త.

అభ్యాసం: మరో చేప కొనే ముందు తొట్టి బొమ్మను ముందు వైపు నుంచి గీసి, ప్రతి రాయికీ అంకె వేయండి. వారం రోజులపాటు ఉదయం, మేతకు ముందు, దీపాలార్పే ముందు ఇరవై నిమిషాల చొప్పున కూర్చుని, ఏది దేన్ని ఎంతవరకు తరిమిందో బాణాలతో గుర్తించండి. బాణాలన్నీ ఒకే రాయి దగ్గర ఆగితే ఆ రాయిని కదపండి. తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు సాగితే ఆ చేపను దుకాణానికి తిరిగి ఇవ్వండి. ఈ బొమ్మ జతచేయని ఫిర్యాదులకు వచ్చే పాఠంలో జవాబు రాయను.