లైపోసక్షన్ చేయించుకునే ముందు ఏమి తెలుసుకోవాలి?

నెలల తరబడి నడిచినా, తిండి తగ్గించినా, తొడల దగ్గరో నడుము పక్కనో కొంత కొవ్వు కదలనని మొరాయిస్తుంది. అప్పుడు చాలామంది మనసు లైపోసక్షన్ వైపు పోతుంది. చర్మం మీద చిన్న గాట్లు పెట్టి, సన్నని గొట్టంతో కొవ్వును పీల్చి తీసే ఆపరేషన్ ఇది. గాట్లు చిన్నవే గానీ లోపల జరిగే పని చిన్నది కాదు. అందుకే తేదీ ఖాయం చేసుకునే ముందు కొన్ని సంగతులు తేల్చుకోండి.

1. వేళ్లతో పట్టి చూడండి

పొట్ట మీది కొవ్వును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోండి. మడతగా చేతికి వచ్చేది చర్మం కింది కొవ్వు. గొట్టానికి అందేది అదొక్కటే. మడత పలచగా ఉండి, పొట్ట మాత్రం బోర్లించిన కుండలా గట్టిగా ముందుకు వచ్చి ఉంటే, ఆ కొవ్వులో ఎక్కువ భాగం కండరాల వెనుక, పేగుల చుట్టూ పేరుకున్నట్టే. దాన్ని పీల్చి తీయడం ఏ సర్జన్‌కూ సాధ్యం కాదు. ఆహారం, వ్యాయామం, అవసరమైతే డాక్టరు ఇచ్చే మందులే దానికి దారి.

చర్మాన్ని కూడా కాస్త లాగి వదలండి. వెంటనే బిగుసుకుంటే మంచిదే. వదులుగా వేలాడే చర్మం కింద కొవ్వు తీసేస్తే, గాలి తీసిన బెలూన్‌లా మరింత వేలాడుతుంది. చర్మం మీది గుంటలు, చారలు కూడా దీనితో పోవు.

2. బరువు లెక్కను పక్కన పెట్టండి

ఇది దర్జీ పనిలాంటిది. ఆకారాన్ని సరిదిద్దుతుంది, బరువును పెద్దగా తగ్గించదు. కాబట్టి కొన్ని నెలలుగా బరువు నిలకడగా ఉన్నవారికే నప్పుతుంది. ఆరోగ్యం బాగుపడుతుందనే ఆశ ఉంటే అదీ వదులుకోవాలి. 2004లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, ఊబకాయం ఉన్న 15 మంది మహిళలకు పొట్ట నుంచి దాదాపు 10 కిలోల కొవ్వు తీశారు. రెండు మూడు నెలల తర్వాత చూస్తే రక్తపోటు, కొలెస్టరాల్, ఇన్సులిన్ పనితీరు ఎక్కడివక్కడే ఉన్నాయి. తర్వాత బరువు పెరిగితే కొవ్వు మళ్లీ చేరుతుంది, అదీ ఒక్కోసారి ఇంతకుముందు లేని చోట.

3. డాక్టరు దగ్గర ఏదీ దాచకండి

మధుమేహం, గుండె జబ్బు, గతంలో కాళ్లలో రక్తం గడ్డకట్టడం, బొడ్డు దగ్గర హెర్నియా (పొట్ట గోడలోని సందులోంచి పేగు ముందుకు ఉబకడం) ఉంటే తప్పక చెప్పండి. హెర్నియా ఉన్నచోట గొట్టం పేగుకు తగిలే ప్రమాదం ఉంది. సిగరెట్ తాగేవారు కనీసం నాలుగు వారాల ముందే మానాలి, లేకపోతే గాయం సరిగా మానదు. ఆస్పిరిన్, కొన్ని నొప్పి మాత్రలు, చేప నూనె, విటమిన్ ఇ రక్తస్రావాన్ని పెంచగలవు. అయితే గుండె కోసం వేసుకునే మాత్రను సొంతంగా ఆపేయకండి. ఆ నిర్ణయం డాక్టరుదే.

4. సర్జన్‌ను నిలదీసి అడగండి

ఇక్కడ మొహమాటం పనికిరాదు. ప్లాస్టిక్ సర్జరీలో పద్ధతిగా శిక్షణ పొందారా? ఇలాంటివి ఎన్ని చేశారు? మత్తుమందు నిపుణులు పక్కన ఉంటారా? పరిస్థితి విషమిస్తే ఎక్కడికి తరలిస్తారు? ఎత్తుపల్లాలు మిగిలితే సరిచేసే ఖర్చు ఎవరిది?

మత్తు గురించి విడిగా అడగాలి. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిని చర్మవైద్యుడు జెఫ్రీ క్లైన్ 1987లో ప్రచురించారు. సెలైన్‌లో లిడోకైన్ (తిమ్మిరెక్కించే మందు), ఎపినెఫ్రిన్ (రక్తనాళాలను బిగించే మందు) కలిపి కొవ్వులోకి నింపుతారు. నొప్పీ రక్తస్రావమూ తగ్గుతాయి. కానీ లిడోకైన్ మోతాదు శరీర బరువును బట్టి ఉండాలి, మించితే విషమవుతుంది. పైగా అది రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరేది చాలా గంటల తర్వాత, అంటే మీరు ఇంటికి వెళ్లిపోయాక. మొదటి రాత్రి తోడు ఉండాలనేది అందుకే. పీల్చేది మొత్తం 5 లీటర్లు దాటితే దాన్ని పెద్ద మోతాదుగా లెక్కించి, రాత్రంతా ఆసుపత్రిలోనే కనిపెట్టి ఉంటారు. ఎన్ని చోట్ల కావాలంటే అన్ని చోట్లా ఒకే పూటలో తీసేస్తామనేవారిని నేనైతే నమ్మను. "మీకు ఇది అవసరం లేదు" అని ఒక్కరికైనా చెప్పి పంపిన సర్జన్ దొరికితే మీ అదృష్టం.

5. తర్వాతి రోజులకు ఏర్పాట్లు చేసుకోండి

కొన్ని వారాలు బిగుతు దుస్తులు వేసుకోవాలి. కమిలిన మచ్చలు, తిమ్మిరి, చర్మం కింద నీరు చేరడం సాధారణంగా కనిపించేవే. ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో నొప్పి, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పెట్టడం, జ్వరం, రోజురోజుకీ పెరిగే నొప్పి అలాంటివి కావు. రక్తం గడ్డ గానీ కొవ్వు గానీ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం పోవచ్చు. అరుదే, అయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలసిందే.

వాపు పూర్తిగా తగ్గి అసలు ఆకారం తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆపరేషన్‌కు ముందే ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటోలు తీసి పెట్టుకోండి. మొదటి వారంలో మాత్రం తూకం యంత్రం ఎక్కకండి. ఒంట్లో చేరిన నీటి వల్ల బరువు పెరిగినట్టు చూపిస్తుంది!