విమాన సాఫ్ట్‌వేర్ సంస్థాపకుడి జీవితాన్ని రాయడమెలా: బ్రూస్ ఆర్ట్‌విక్ ఉదాహరణగా

విమానయాన సాఫ్ట్‌వేర్ రంగంలో సొంత సంస్థ పెట్టినవారి గురించి రాసేటప్పుడు చాలామంది పుట్టిన ఊరు, చదువు, ఉద్యోగం, పురస్కారాలు అంటూ వరుసగా పేర్చుకుంటూ పోతారు. అందులో తప్పేమీ ఉండకపోవచ్చు గానీ, ఆ మనిషి చేసిన పనేమిటో మాత్రం పాఠకుడికి అందదు. దానికి బదులు, ఆయన రాసిన ప్రోగ్రామ్ ఏ సంవత్సరంలో ఎవరి చేతిలో ఉందో ముందుగా ఒక కాగితం మీద వేసుకోండి. కంప్యూటర్ తెరపై విమానం నడిపించే ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ ప్రోగ్రామ్‌ను సృష్టించిన అమెరికన్ ఇంజనీరు బ్రూస్ ఆర్ట్‌విక్ విషయంలో ఈ పద్ధతి బాగా పనికొస్తుంది.

ఆరంభానికి 1975 చాలు. ఆ ఏడాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, కంప్యూటర్ తెరపై విమాన దృశ్యాన్ని కదిలేలా చూపడంపై ఆయన సిద్ధాంత వ్యాసం సమర్పించారు. 1977లో ఆయన సబ్‌లాజిక్ సంస్థ మొదలైంది. 1980 నాటికి ఆనాటి ఇంటి కంప్యూటర్ యాపిల్ II కోసం చేసిన తొలి ఫ్లైట్ సిమ్యులేటర్ అమ్మకంలో ఉంది. ఈ మూడింటినీ రెండు వాక్యాల్లో ముగించి, మిగిలిన చోటును యంత్రానికి కేటాయించండి. యాపిల్ IIలో ఉన్న 6502 ప్రాసెసర్ సెకనుకు దాదాపు పది లక్షల గడియార స్పందనలతో నడిచేది, దానికి గుణకారం చేసే ఆదేశమే లేదు. కూడికలతోనూ అంకెలను పక్కకు జరపడంతోనూ గుణకారాన్ని సాధించుకోవాలి. అలాంటి యంత్రం మీద, పైలట్ మలుపు తిప్పిన ప్రతిసారీ నేలపైని గీతలన్నిటినీ కొత్త కోణంలో లెక్కగట్టి మళ్లీ గీయాలి. తెరపై కనిపించింది కేవలం గీతల బొమ్మే: ఆరు వరుసల్లో ఆరేసి గళ్ల నేల, అంచుల్లో కొండలు, ఒక రన్‌వే. ‘విప్లవాత్మకం’ అనే మాట రాయబోయి ఆగి, ఈ గళ్లను వర్ణించండి.

అసలు జాగ్రత్త 1982 దగ్గర కావాలి. ఐబీఎం పీసీ కోసం ఈ ప్రోగ్రామ్ ఆ ఏడాది మైక్రోసాఫ్ట్ పేరుతో వచ్చింది కాబట్టి, నా మొదటి చిత్తుప్రతిలో నేనూ ‘మైక్రోసాఫ్ట్ తయారుచేసిన’ అనే రాసి, తరువాత సిగ్గుపడి కొట్టేశాను. తయారుచేసింది ఆర్ట్‌విక్, మైక్రోసాఫ్ట్ తీసుకున్నది లైసెన్సు. మన వాడుకలో చెప్పాలంటే ఆయన పొలం అమ్మలేదు, కౌలుకిచ్చారు. 1988లో సబ్‌లాజిక్‌ను భాగస్వామి స్టూ మోమెంట్‌కు వదిలి, బ్రూస్ ఆర్ట్‌విక్ ఆర్గనైజేషన్ అనే కొత్త సంస్థ పెట్టినప్పుడు కూడా ఫ్లైట్ సిమ్యులేటర్ హక్కులు ఆయన వెంటే వెళ్లాయి. పొలం చేతులు మారింది 1995లో, మైక్రోసాఫ్ట్ ఆ సంస్థనే కొనుక్కున్నప్పుడు. ‘ఇచ్చారు’, ‘అమ్మారు’, ‘వదిలారు’ అనే క్రియలను ఒకదాని బదులు మరొకటి వాడితే ఈ వృత్తి జీవితం మొత్తం తలకిందులవుతుంది.

ప్రభావం గురించి రాసేటప్పుడు పొగడ్తలకు బదులు వాడుకను చూపండి. ఐబీఎం పీసీకి అచ్చుగుద్దినట్టు ఉన్నామని చెప్పుకొనే కంప్యూటర్లు మార్కెట్‌లోకి వచ్చిన రోజుల్లో, ఆ మాట నిజమో కాదో తేల్చడానికి వాటి మీద లెక్కల పట్టికల ప్రోగ్రామ్ లోటస్ 1-2-3తో పాటు ఫ్లైట్ సిమ్యులేటర్‌ను నడిపి చూసేవారు. అది హార్డ్‌వేర్‌ను నేరుగా తాకేది గనుక, నకలులో లోపముంటే అక్కడే బయటపడేది. ఈ ఒక్క సంగతి పది విశేషణాల పెట్టు.

ఒక చోటును దగ్గరగా చూపడం కూడా మంచిదే. ఏళ్ల తరబడి ఈ ప్రోగ్రామ్ తెరవగానే విమానం షికాగోలోని మేగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయపు రన్‌వే మీద ఉత్తరానికి ముఖం పెట్టి నిలిచి ఉండేది: కుడివైపు మిషిగన్ సరస్సు, ఎడమవైపు నగరం. నిజమైన ఆ రన్‌వేను 2003 మార్చి నెలాఖరులో నగర మేయర్ ఆదేశంతో రాత్రికి రాత్రే బుల్డోజర్లతో తవ్వేశారు. ఈ సంగతిని చివర అతికించకుండా, 1982 ముచ్చట జరుగుతున్నప్పుడే చెప్పేయండి.

1995 తరువాత కథను సాగదీయవద్దు. 2009లో మైక్రోసాఫ్ట్ ఈ ప్రోగ్రామ్‌ను తయారుచేసే తన స్టూడియోను మూసివేయడం, 2020లో ఫ్రాన్స్‌కు చెందిన అసోబో సంస్థ చేతుల మీదుగా కొత్త రూపం రావడం ప్రోగ్రామ్ చరిత్రకు చెందినవి. ఆర్ట్‌విక్ వ్యాసంలో వాటికి ఒక్క వాక్యం సరిపోతుంది.