ఊరికి రోడ్డు రావాలి, చెరువుకు నీరూ రావాలి

విశాఖపట్నం జిల్లా ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి మండలాల్లో ఊళ్లు పెరుగుతున్నాయి. లేఅవుట్లు, సీసీ వీధులు, పొలాలకు రోడ్లు, అన్నీ కావలసినవే. అయితే కబ్జా కాకుండానే ఎండిపోయే చెరువులు కూడా ఉంటాయి. గర్భం అలాగే ఉంటుంది, కొండ మీంచి దిగే గెడ్డ (వాగు) మాత్రం ఎగువన ఎక్కడో రోడ్డు కట్టకు తగిలి పక్కకు మళ్లిపోతుంది. అందుకే రోడ్డుకు మార్కింగు వేయకముందే నీరు వచ్చే దారి తేల్చుకోవాలి.

సచివాలయంలో గ్రామ సర్వేయరు దగ్గర గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) అడిగి తీసుకోండి. రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎంను (భూకమతాల పటాన్ని) పాత ఎఫ్‌ఎంబీ పక్కన పెట్టి, గెడ్డ పోరంబోకు (ప్రభుత్వ స్థలం) వెడల్పు రెండింటిలోనూ ఒకటేనా చూడండి. జిరాయితీ (సొంత పట్టా) పొలాల మధ్య నుంచి పోయే పిల్లకాలువలు చాలావరకు పటంలో ఉండవు. వాటి కోసం వాన వెలిసిన గంటలోపే చెరువు దగ్గర మొదలుపెట్టి ఎగువకు నడవాలి. నీరు గట్టు దాటే ప్రతిచోటా కర్ర పాతి, లొకేషన్‌తో ఫొటో తీయండి. సర్వే నంబర్లతో సహా గ్రామసభలో తీర్మానం చేయించి, లేఅవుటు ఫైలు విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏకు వెళ్లేటప్పుడు ఆ ప్రతి కూడా అందులో ఉండేలా చూడండి. ప్లాట్లు అమ్ముడయ్యాక ఇక్కడ కాలువ ఉండేదంటే ఎవరూ వినరు.

ఎక్కువగా దెబ్బతినేది కల్వర్టు, అంటే రోడ్డు కింద నీరు పోయే తూము దగ్గరే. లెక్క కష్టం కాదు. ఎగువన 25 ఎకరాలు, అంటే సుమారు 10 హెక్టార్లు ఉందనుకోండి. గంటకు 75 మిల్లీమీటర్ల వాన పడితే, పొలాలుగా ఉన్నప్పుడు అందులో 40 శాతం పారుతుందనుకున్నా సెకనుకు 0.83 ఘనపు మీటర్లు వస్తుంది. అదే భూమి ఇళ్లు, సిమెంటు వీధులు అయ్యాక 70 శాతం పారుతుంది, అంటే 1.46. నీరు సెకనుకు ఒకటిన్నర మీటర్ల వేగంతో పోతే 900 మిల్లీమీటర్ల హ్యూమ్ (సిమెంటు) పైపు మోసేది 0.95 మాత్రమే. ఇవాళ్టి పొలాలను చూసి ఒక్క పైపు వేస్తే, ఇళ్లు వచ్చాక మొదటి తుపానుకే రోడ్డు కోసుకుపోతుంది. రెండు పైపులు ముందే వేయించండి. 600 మిల్లీమీటర్ల పైపు చవకే గానీ, మోసే నీరు సగం కూడా ఉండదు, పూడిక తీయడానికి మనిషి దూరలేడు.

పైపు అడుగు మట్టం గెడ్డ అడుగుతో సరిపోవాలి. అర అడుగు ఎత్తున పెట్టినా నీరు ఎగువ పొలంలో నిలిచి, రైతు గట్టు కొట్టేస్తాడు, ఆ నీరు ఇక చెరువుకు చేరదు. కిందికి పెడితే ఇసుకతో పూడుతుంది. మట్టం చూడటానికి నీరు నింపే 15 మీటర్ల పారదర్శక గొట్టం, లెవెల్ ట్యూబు చాలు. నీరు నింపాక రెండు కొసలూ పక్కపక్కన పట్టి చూడండి, మట్టం ఒకటిగా లేకపోతే లోపల గాలి బుడగ ఉన్నట్టే, దాన్ని వదిలించాకే కొలవాలి. పైపుకు వందకు ఒకటి వాలు ఇవ్వండి. పైన కనీసం 60 సెంటీమీటర్ల మట్టి కూరాలి, లేకపోతే ఇసుక లారీ ఎక్కగానే పగులుతుంది. దిగువ మూతి దగ్గర రాళ్లు పరవకపోతే గొయ్యి పడి రోడ్డు కిందికి జారుతుంది.

వీధి మురుగును ఈ కాలువలో కలపనివ్వకండి. ప్రతి ఇంటికీ మీటరు పొడవు, వెడల్పు, లోతుతో ఇంకుడు గుంత తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, పైన చిన్నవి వేయాలి. తాగునీటి బావికి 15 మీటర్ల దూరం ఉండాలి. బంకమట్టిలో గుంత ఇంకదు, ఆ నీటిని పెరట్లో అరటి, కంద పాదులకు మళ్లించడమే మేలు.

చెరువు పూడిక తీసేటప్పుడు జేసీబీని గట్టు మొదలుకు 5 మీటర్ల లోపు రానివ్వకండి, గట్టు జారుతుంది. మదుము (చెరువు తూము) మట్టం కంటే లోతు తవ్వితే ఆ నీరు పొలాలకు పారదు. ముందు రెండు మూడుచోట్ల గొయ్యి తీసి, ఒండ్రు ఎంత మందం ఉందో చూసి అంతవరకే తీయించండి. అడుగున ఉన్న బంకపొర చిరిగితే చెరువులో నీరు నిలవదు.

భీమిలి తీరం ఊళ్లలో బోర్ల విషయం వేరు. భూమిలో మంచినీటి మట్టం సముద్ర మట్టానికి మీటరు పైన ఉంటే, సముద్ర మట్టం కింద దాదాపు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుంది. ఆ మట్టం అర మీటరు పడిపోతే ఉప్పునీరు 20 మీటర్లు పైకి వస్తుంది. ఒకే లోతైన బోరుకు పెద్ద మోటారు బిగించి రోజంతా తోడటం కంటే, దూరదూరంగా తక్కువ లోతు బోర్లు వేసి విడతలుగా తోడండి. ఏటా మే నెలలో ఉప్పు శాతం పరీక్ష చేయించి, పెరుగుతుంటే తోడే గంటలు తగ్గించాలి. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా బోరు వేయకూడదు. లేఅవుటులో బోరు రిగ్గు దిగకముందే ఆ దూరం టేపుతో కొలిపించి, కొలత పంచాయతీ రికార్డులో రాయించండి.