ఫిలిప్పీన్స్‌లో మీ మొదటి డిసెంబర్: పదమూడో నెల జీతం లెక్క

ఫిలిప్పీన్స్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరారా? సెప్టెంబర్ రాగానే ఆఫీసులో 'థర్టీన్త్ మంత్' అనే మాట వినపడటం మొదలవుతుంది, అంటే పన్నెండు నెలల జీతం కాక ఏటా అదనంగా ఇచ్చే పదమూడో నెల జీతం. కంపెనీకి లాభాలొస్తే ఇచ్చే బోనస్ అని నేను మొదట అనుకున్నాను. అది నిజం కాదు. ప్రైవేటు సంస్థలు తప్పనిసరిగా ఇవ్వాలని 1975 డిసెంబర్‌లో వచ్చిన 851వ ప్రెసిడెన్షియల్ డిక్రీ (అధ్యక్షుడి ఉత్తర్వు) చెబుతోంది. అప్పట్లో నెలకు 1,000 పెసోలు దాటని జీతాలకే వర్తించేది. 1986లో ఆ పరిమితి ఎత్తేశారు. కంపెనీ నష్టాల్లో ఉన్నా ఇవ్వాల్సిందే, అదీ డిసెంబర్ 24 లోపు. కొన్ని కంపెనీలు సగం ఏడాది మధ్యలో, మిగతా సగం డిసెంబర్‌లో ఇస్తాయి. అలా ఇచ్చినా తప్పు లేదు.

ఆ ఏడాదిలో కనీసం ఒక నెల పనిచేసి ఉంటే చాలు, మీకు హక్కు ఉన్నట్టే. ప్రొబేషన్‌లో ఉన్నారా, కాంట్రాక్టు మీద ఉన్నారా అన్నది అడ్డు కాదు. చట్టం మినహాయించింది మేనేజర్లను. అయితే వీళ్లంటే ఉద్యోగులను తీసుకునే, తీసేసే, విధానాలు నిర్ణయించే అధికారం ఉన్నవాళ్లు. విజిటింగ్ కార్డు మీద 'అసిస్టెంట్ మేనేజర్' అని ఉన్నంత మాత్రాన మీ హక్కు పోదు. ఇంట్లో పనికి మనిషిని పెట్టుకుంటే, ఆమెకు పదమూడో నెల జీతం ఇవ్వాల్సింది మీరు. 2013 నాటి ఇంటిపనివారి చట్టంలో అది స్పష్టంగా ఉంది. దయచేసి మర్చిపోకండి.

లెక్క దగ్గరే చాలామంది పొరబడతారు. జనవరి నుంచి డిసెంబర్ వరకు మీకు అందిన బేసిక్ జీతం మొత్తాన్ని 12తో భాగిస్తే వచ్చేదే పదమూడో నెల జీతం. నేను చేరింది జూలై 1న, బేసిక్ 40,000 పెసోలు. డిసెంబర్‌లో ఇంకో 40,000 చేతికొస్తుందని లెక్కేసుకుని, అమ్మానాన్నలకు డబ్బు పంపుతానని మాట కూడా ఇచ్చేశాను. వచ్చింది 20,000. మోసం చేశారేమోనని రెండు రోజులు టెన్షన్ పడ్డాను. నిజానికి లెక్క సరైనదే: ఆరు నెలల బేసిక్ 2,40,000, దాన్ని 12తో భాగిస్తే 20,000. ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఇంకో విషయం గమనించాలి. నైట్ డిఫరెన్షియల్ (రాత్రి పనికి ఇచ్చే అదనపు డబ్బు), ఓవర్‌టైమ్, సెలవు రోజున పనిచేసినందుకు ఇచ్చే అదనపు డబ్బు, అలవెన్సులు మామూలుగా ఈ లెక్కలోకి రావు. అందుకే ప్రతి నెలా బ్యాంకులో పడే మొత్తం కాకుండా పే స్లిప్‌లో బేసిక్ అన్న గడి చూడండి. జీతం లేని సెలవులు పెట్టి ఉంటే ఆ మేరకు తగ్గుతుంది. ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేముందే బేసిక్ ఎంత, అలవెన్స్ ఎంత అని అడగాలని నేను గట్టిగా చెబుతాను. మొత్తం జీతం ఒకటే అయినా, బేసిక్ తక్కువగా చూపిస్తే డిసెంబర్‌లో నష్టపోయేది మీరే.

పన్ను సంగతి తేలికే. ఈ జీతం, ఇతర బోనస్‌లు కలిపి ఏడాదికి 90,000 పెసోల వరకు పన్ను ఉండదు. అది దాటిన భాగం మీద మాత్రమే పడుతుంది. ఈ పరిమితి 2018 నుంచి ఉంది. క్రిస్మస్ బోనస్ వేరు. ఒప్పందంలో లేకపోతే అది కంపెనీ ఇష్టం.

మధ్యలో రాజీనామా చేసినా మీ వాటా పోదు. నా స్నేహితుడొకరు ఆగస్టులో మానేస్తే, 'డిసెంబర్‌లో ఉన్నవాళ్లకే' అని వాళ్ల ఆఫీసులో చెప్పారు. అతను నమ్మి ఊరుకోబోయాడు. అది తప్పు. పనిచేసిన నెలల వాటా చివరి సెటిల్‌మెంట్‌లో రావాలి, ఆ సెటిల్‌మెంట్ సాధారణంగా 30 రోజుల్లో పూర్తి కావాలి. ముందు హెచ్‌ఆర్‌ను లెక్క రాతపూర్వకంగా అడగండి. స్పందన లేకపోతే కార్మిక శాఖ, అంటే ఇక్కడ అందరూ 'డోలే' అని పిలిచే కార్యాలయం, 1349 హాట్‌లైన్‌లో అందుబాటులో ఉంటుంది. అక్కడ ముందు రాజీ ప్రయత్నం చేస్తారు, దానికి 30 రోజుల గడువు. రావాల్సిన డబ్బు కోసం మూడేళ్లలోపు ఫిర్యాదు చేయవచ్చు, కాబట్టి పే స్లిప్‌లు, కాంట్రాక్టు కాపీ అప్పటివరకు జాగ్రత్తగా దాచుకోండి.