మధుమేహంతో మనసు కుదుర్చుకోవడం – నాలుగవ పాఠం: తోడు వేరు, కాపలా వేరు

గత పాఠం చివర ‘మీకు షుగరు ఉందని ఇంట్లో ఒక్కరికి చెప్పండి’ అని నేనిచ్చిన అభ్యాసం మీలో చాలామందిని చిక్కుల్లో పడవేసింది. చెన్నై పెరంబూరులో ఉండే ఒక పాఠకురాలు తోటికోడలికి చెప్పగా, రెండు రోజులలో నెల్లూరు బంధువులందరికీ ఆ కబురు చేరిపోయింది. తరువాతి వారం అంబత్తూరులో ఒక గృహప్రవేశ భోజనంలో బొబ్బట్లు వడ్డించే అబ్బాయి ఆమె ఆకు దగ్గరికి రాగానే, ఎదుటి వరుస నుంచి ఎవరో ‘ఆవిడకు వేయకు నాయనా, షుగరు’ అని కేకవేశారట. ఆమె అసలు బొబ్బట్టు తినదలచుకోలేదు. అయినా ఆ కేకతో అన్నం కూడా సహించక, సగం ఆకు మడిచి లేచిపోయారు.

ఇందులో తప్పు నాదే. చెప్పడం సగం పని, ఏమి కావాలో అడగడం మిగిలిన సగం. ఆ రెండవ సగం అందరికీ తెలిసినదే కదా అనుకొని వదిలివేశాను. తొలి వారాలలో కలిగే అపనమ్మకం, కోపం, సిగ్గు గురించి మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం కనుక మళ్ళీ ఎత్తుకోను. మందుల సంగతి మీ డాక్టరు చూసుకుంటారు.

నన్ను విసిగించే ఉచ్చు ఒకటుంది. అది ‘ఈరోజు ఎంత వచ్చింది?’ అన్న ప్రశ్న. అడిగేవారు ప్రేమతోనే అడుగుతారు, కాని వినేవారికి అది పరీక్ష మార్కులు అడిగినట్టే ఉంటుంది. నాకు వ్యాధి బయటపడిన కొత్తలో ఒకనాటి పరగడుపు చక్కెర సంఖ్య 172 అని చెప్పగానే, నా భార్య మారుమాట లేకుండా వెళ్ళి ఫ్రిజ్‌లోని పాలకోవా బిళ్ళలు లెక్కపెట్టింది. బిళ్ళలన్నీ ఉన్నాయి. రాత్రి ఏమీ తినకపోయినా తెల్లవారుజామున కాలేయం చక్కెరను రక్తంలోకి వదలడం వల్ల పొద్దుటి సంఖ్య పెరగవచ్చునని అప్పటికి మా ఇద్దరికీ తెలియదు. ఆ మరునాటి నుంచి నేను నోటుపుస్తకంలో అబద్ధపు సంఖ్యలు రాయడం మొదలుపెట్టాను. మూడు నెలల తరువాత, ఆ నెలల చక్కెర సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్షలో 8.4 శాతం వచ్చింది, అది ఎక్కువే. డాక్టరు అన్నీ నూట ఇరవైలే ఉన్న నా పుస్తకాన్నీ, ఆ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

కనుక ఒక్క సంఖ్యకు ఎంత విలువ ఇవ్వాలో ఇంట్లోవారికి మీరే వివరించండి. ఇంట్లో చక్కెర చూసుకునే మీటర్లకున్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, 100 దాటిన విలువలలో ప్రయోగశాల ఫలితానికి 15 శాతం అటూ ఇటూ ఉన్నా సరిపోయినట్టే. అంటే అసలు 160 ఉన్నప్పుడు మీటరు 140 చూపినా 180 చూపినా దానిని తప్పుపట్టలేము. నిద్ర చాలకపోయినా, జ్వరం వచ్చినా సంఖ్య పెరుగుతుంది. దిగులు పడినప్పుడు ఊరే కార్టిసాల్, అడ్రినలిన్ అనే హార్మోన్లు కూడా చక్కెరను పెంచుతాయి గనుక, సంఖ్య చూసి తిట్టడం వల్ల మేలు కలగదు. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటును తెలుపుతుంది. దానిని చర్చించవలసిన చోటు డాక్టరు గది, భోజనాల బల్ల కాదు.

ఇక అడిగే పద్ధతి. ‘నాకు అండగా ఉండు’ అంటే ఎదుటివారికి ఏమి చేయాలో తెలియక కాపలా కాయడం మొదలుపెడతారు. ‘ఆదివారం పొద్దున్న నాతో నడకకు రా’ అనండి. ‘పెళ్ళి భోజనంలో నా పక్కన కూర్చో, నా ఆకు సంగతి నేను చూసుకుంటాను’ అనండి. ఇన్సులిన్ గాని, చక్కెర మరీ పడిపోయేలా చేయగల మాత్రలు గాని వాడేవారు ‘నాకు చెమటలు పట్టి చేతులు వణికితే మాత్రం, నేను స్పృహలో ఉన్నంతవరకు, ఏమీ అడగకుండా మూడు టీచెంచాల చక్కెర కలిపిన నీళ్ళివ్వు’ అని ముందే చెప్పి ఉంచాలి.

నా మటుకు నాకు బంధువులకన్నా నడక స్నేహితులే నయం. మైలాపూరులో మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట ఉన్న పార్కులో, నాలాగే షుగరున్న ఇద్దరితో నడుస్తాను. పక్కపక్కన నడిచేటప్పుడు ముఖాలు చూసుకోనవసరం లేదు కనుక, ఇంట్లో నోటికి రాని మాటలు అక్కడ వస్తాయి. అయితే రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్రాహారాలు తప్పిపోయి ఉంటే నడక స్నేహం చాలదు. మీ డాక్టరుకు ఆ మాటే ముందు చెప్పండి. బ్రతకాలని లేదన్న తలపు వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడే సదుపాయం ఉంది.

ఈసారి అభ్యాసం కష్టమైనదే. పది రోజులు మీ సంఖ్యలను డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పకండి, కాని ఒక్కటీ మార్చకుండా రాయండి. ప్రతి సంఖ్య పక్కన అది చూసినప్పుడు మనసులో కలిగినదానిని ఒక్క వాక్యంలో రాయండి. పదకొండవ రోజున, మిమ్మల్ని ఎక్కువగా కాపలా కాసే మనిషిని కూర్చోబెట్టి, ‘నా జబ్బు విషయంలో నీ భయమేమిటి?’ అని అడగండి. వారు చెప్పేది పూర్తయ్యేవరకు సమాధానం ఇవ్వకండి. నేను అడిగినప్పుడు నా భార్య చాలాసేపు తన తండ్రి కాలికి మానని పుండు గురించే చెప్పింది.