డీలక్స్ రివర్బ్‌కి మిడ్ నాబ్, డ్రిల్లు ముట్టకుండా

అరవైల నాటి ట్యూబు గిటార్ యాంప్ ఫెండర్ డీలక్స్ రివర్బ్‌లో క్లీన్ (కరకర లేని) సౌండ్‌కి వంక పెట్టలేం. కానీ బ్యాండ్‌తో వాయిస్తే గిటార్ ఎక్కడో వెనకపడిపోతుంది. ముందున్న నాబ్‌లు చూడండి, ట్రెబుల్ ఉంది, బాస్ ఉంది, మిడ్ (మధ్య స్వరాల నాబ్) లేదు. దాని బదులు లోపల బాస్ పాట్ (నాబ్ వెనక ఉండే, తిప్పితే విలువ మారే రెసిస్టర్) దగ్గర 6.8కె (కె అంటే వెయ్యి ఓములు) రెసిస్టర్ ఒకటి పెట్టి వదిలేశారు. దీని పెద్దన్న ట్విన్ రివర్బ్‌లో అదే చోట 10కె పాట్ ఉంటుంది కాబట్టి మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.

ముందు ప్రాణం సంగతి. లోపల 400 వోల్టులకు పైనే డీసీ ఉంటుంది, ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో (డీసీని నునుపు చేసే పెద్ద కెపాసిటర్లు) నిలవుండిపోతుంది. ప్లగ్ తీసి, స్టాండ్‌బై స్విచ్‌ని ప్లే వైపే ఉంచి, క్లిప్ వైరుతో మొదటి ప్రీయాంప్ ట్యూబు 1వ పిన్నుని (దాని ప్లేట్) ఛాసిస్‌కి (లోహపు చట్రానికి) కలిపి కొన్ని నిమిషాలు వదిలేయండి. అక్కడున్న 100కె ప్లేట్ రెసిస్టర్ గుండా మెల్లగా దిగిపోతుంది. తర్వాత మీటరు పెట్టి ప్రతి కెపాసిటర్‌నీ చూడండి, దిగిపోయే ఉంటుందిలే అనుకుని మాత్రం చెయ్యి పెట్టొద్దు. అమెరికా నుంచి ఇంటికి తెచ్చుకున్న యాంప్ అయితే అది 120 వోల్టులది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా మన 230కి పెట్టారో, ఇక ఈ వ్యాసంతో పని ఉండదు.

ఇప్పుడు పాట్ ఎక్కడ పెట్టాలి? ముందు ప్యానెల్‌కి కన్నం వేస్తే యాంప్ విలువ సగం పోయినట్టే, నేనైతే ఒప్పుకోను. వైబ్రాటో ఛానెల్‌లో ఇన్‌పుట్ 2 జాక్ తీసేయండి. దాని కన్నం, పాట్ కన్నం రెండూ 3/8 అంగుళమే. ఆ జాక్‌లో గిటార్ పెడితే రెండు 68కె రెసిస్టర్లు కలిసి సిగ్నల్‌ని సగానికి కోసేస్తాయి, అందుకే దాన్ని వాడేవాళ్లు తక్కువ. అయితే జాక్ ఊరికే పీకితే కుదరదు. ఇన్‌పుట్ 1 వాడేటప్పుడు ఆ రెండు 68కెలూ జాక్ 2 స్విచ్ ద్వారా పక్కపక్కనే కలిసి 34కెలా పనిచేస్తాయి, కాబట్టి జాక్ 1 టిప్ (సిగ్నల్ వచ్చే కాలు) నుంచి ట్యూబు గ్రిడ్‌కి (సిగ్నల్ లోపలికి వెళ్లే పిన్ను) ఒక్క 33కె వేసి, టిప్ దగ్గరున్న 1 మెగ్ (పది లక్షల ఓములు) రెసిస్టర్‌ని అలాగే ఉంచండి.

6.8కె తీసి 25కె పాట్ పెట్టండి. మధ్య కాలుని ఒక చివరి కాలుతో కలిపి బాస్ పాట్ వైపుకి, మిగిలిన కాలు గ్రౌండుకి. 6.8కె దగ్గర పాత సౌండ్ అలాగే ఉంటుంది, పైకి తిప్పేకొద్దీ మిడ్స్ లావెక్కి యాంప్ తొందరగా కరకరలాడుతుంది.

ఇంకా కావాలంటే 100కె స్లోప్ రెసిస్టర్‌ని (బాస్, మిడ్‌లకు సిగ్నల్ అందించేది) 56కె చేయొచ్చు, మార్షల్ వాళ్ల తొలి యాంప్ జేటీఎం45లో ఉన్నది ఆ విలువే. ఈ ఛానెల్ వాల్యూమ్ పాట్ మీద 47 పీఎఫ్ (పికోఫారడ్) బ్రైట్ కెపాసిటర్ (ట్రెబుల్‌ని ఎక్కువగా పంపేది) ఉంటుంది, తక్కువ వాల్యూమ్‌లో చెవులు గుచ్చుకుంటుంటే ఒక కాలు విప్పేయండి. అన్నీ ఒకే రోజు చేయకండి. నేను చేశాను, ఏది దేనివల్ల మారిందో తెలియక మళ్లీ అన్నీ విప్పాల్సి వచ్చింది.

స్పీకర్ తగిలించాకే ఆన్ చేయండి. కొత్త పాట్ తిప్పుతుంటే గరగరమంటే పాట్‌ని తిట్టకండి, చాలాసార్లు పాత టోన్ కెపాసిటర్ డీసీ లీక్ చేస్తుంటుంది, అది మార్చాలి.