చెడిపోయిన కంప్యూటర్ భాగాన్ని మంచివాటికి ముప్పు రాకుండా పరీక్షించడం ఎలా?

కంప్యూటర్ ఆన్ కావడం లేదు. అనుమానం ఉన్న భాగాన్ని తీసి మరో కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఆ రెండోదీ పోతుందా? పోవచ్చు, అయితే ఏ భాగం అన్నదాన్ని బట్టి. కరెంటు తీసుకునేది చెడితే చాలావరకు తాను పోయి ఊరుకుంటుంది. కరెంటు పంచేది చెడితేనే పక్కవాటికి గండం. పంచేవి ముఖ్యంగా రెండు: ఎస్‌ఎంపీఎస్ (గోడ ప్లగ్ కరెంటును తక్కువ వోల్టులకు మార్చి ఇచ్చే డబ్బా), మదర్‌బోర్డు (మిగతా భాగాలన్నీ తగిలే పెద్ద బోర్డు).

మొదట ప్లగ్ పీకేసి కళ్లతో చూడండి. ఉబ్బిన కెపాసిటర్లు (కరెంటును నిలవ ఉంచే చిన్న డబ్బాల్లాంటివి), నల్లబడిన పిన్నులు, కాలిన వాసన ఉంటే ఆ భాగాన్ని ఇంకెక్కడా తగిలించవద్దు. తాడిపత్రి లాంటి పాలిష్ ఫ్యాక్టరీల ఊళ్లలో రాతిపొడి దట్టంగా పేరుకుంటుంది. మెత్తని బ్రష్‌తో దులిపితే గానీ కింద కాలిన మచ్చ బయటపడదు. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

తర్వాత ఎస్‌ఎంపీఎస్‌ను విడిగా పరీక్షించండి. స్విచ్ ఆపి ఉండగానే 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ పిన్నును, ఏదైనా నల్ల తీగ పిన్నును చిన్న తీగముక్కతో కలపండి. పోయినా బాధలేని పాత ఫ్యానొకటి తగిలించి, స్విచ్ వేసి, మల్టీమీటర్‌తో చూడండి. నల్ల తీగతో పోల్చినప్పుడు పసుపు తీగలో 11.4 నుంచి 12.6, ఎరుపులో 4.75 నుంచి 5.25, నారింజలో 3.14 నుంచి 3.47 వోల్టులు ఉండాలి. ఎక్కువ చూపితే అది పక్కవాటిని కాల్చే సరుకే. సరిగ్గా చూపినా పూర్తి భరోసా లేదు, ఎక్కువ కరెంటు ఇవ్వాల్సి వచ్చినప్పుడు తడబడేవి ఉంటాయి.

ఇక మదర్‌బోర్డు. 12 వోల్టులను ఒక వోల్టు దరిదాపులకు దించి ప్రాసెసర్‌కు ఇచ్చేది ఇదే. ఆ పని చేసే మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే చిన్న చిప్పు) షార్టయితే 12 వోల్టులూ నేరుగా ప్రాసెసర్ మీద పడవచ్చు. అందుకే ‘కొత్త ప్రాసెసర్ పెట్టి చూద్దాం’ అనడమంత ఖరీదైన సలహా మరొకటి లేదని నా అభిప్రాయం. కరెంటు లేనప్పుడు, ప్రాసెసర్ పక్కనుండే 4 లేదా 8 పిన్నుల సాకెట్‌లో పసుపు తీగలు వచ్చే పిన్నుకూ నల్ల తీగలు వచ్చే పిన్నుకూ మధ్య, రెండు చోట్లు కలిసి ఉంటే కూసే (కంటిన్యుటీ) సెట్టింగ్‌లో పెట్టిన మీటర్ ఆగకుండా కూస్తే, ఆ బోర్డుకు స్విచ్ వేయకండి. కూయకపోయినా పాత చవక ప్రాసెసర్‌తోనే మొదలుపెట్టండి.

ర్యామ్‌తో అంత భయం లేదు. తిప్పి పెట్టకుండా, సగం దిగకుండా చూసుకుంటే చాలు. అనంతపురం పొడి గాలిలో స్థిర విద్యుత్తు తేలిగ్గా పుడుతుంది కాబట్టి, ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకండి.

చాలామంది మరిచేది కేబుల్. విడిగా ఊడివచ్చే కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్‌లో వేరే కంపెనీ కేబుల్ అమరినంత మాత్రాన పిన్నుల వరుస ఒకటే కానవసరం లేదు. 5 వోల్టులు రావలసిన చోట 12 వస్తే హార్డ్ డిస్కు క్షణంలో పోతుంది. ఫోటోలు, లెక్కలు ఉన్న డిస్కును అన్నిటికన్నా చివర, బోర్డు అరగంట నిలకడగా నడిచాకే తగిలించండి.